పాత ఫొటో వెనక జర్మన్ రాత ఎవరైనా చదవగలరా?

మాది ఒడిశాలోని జయపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. సాలూరులో పుట్టిన మా నాయనమ్మ ట్రంకు పెట్టెలో ఒక ఫొటో దొరికింది. పలకలు పట్టుకున్న ఆడపిల్లలు, పక్కన టోపీ పెట్టుకున్న దొరసాని. ఎడమ నుంచి మూడో పిల్ల మా ముత్తవ్వ అట. వెనక పెన్సిల్‌తో నాలుగు లైన్లు, అన్నీ ముళ్లకంపలా పాతకాలపు జర్మన్ గొలుసుకట్టు రాత. ఫోన్ యాప్ ఒక్క ముక్క కూడా పట్టుకోలేదు.

1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ అనే పల్లె మిషన్ నుంచి మొదటి మిషనరీలు ఇటు వచ్చారు. మా లూథరన్ సంఘం మూలం అదే. వచ్చే నెల సండే స్కూల్లో దీని గురించి నన్ను మాట్లాడమన్నారు. ప్రపంచ లూథరన్ సమాఖ్య సంఘాల్లో 7 కోట్లకు పైగా సభ్యులున్నారనీ, ఒక్క ఇథియోపియా సంఘంలోనే కోటి దాటారనీ చెప్పొచ్చు. కానీ అంకెలు వింటే పిల్లలు ఆవులిస్తారు (నేనూ అంతే). ఈ ఫొటో చూపిస్తే వింటారు.

ఆ రాత చదవగలిగేవాళ్లు ఉంటే చెప్పండి, స్కాన్ పంపుతాను. కొరాపుట్, సాలూరు మిషన్ బడుల్లో చదివిన అమ్మమ్మల కబుర్లు మీ ఇళ్లలో ఉన్నా రాయండి. పెన్సిల్ గీతలు చెరిగిపోతున్నాయి, అదే టెన్షన్.