పాత రెక్టరీ: ముందు గోడ తేదీ ఇల్లంతటికీ వర్తిస్తుందా?

ప్రశ్న:
ఇంగ్లండ్‌లోని సఫోక్ పల్లెలో ఒకప్పుడు రెక్టరు (ఊరి చర్చి గురువు) నివాసంగా ఉండి, ఇప్పుడు ప్రైవేటు ఇల్లుగా మారిన భవనం గురించి వ్యాసం రాస్తున్నాను. ముందువైపు ఎర్ర ఇటుక గోడ, నడిమధ్య తలుపు, దానికి అటూ ఇటూ సరిసమానంగా పైకీ కిందికీ జారే కిటికీలు ఉన్నాయి. వెనుక గదుల్లోకి మాత్రం ఒక మెట్టు దిగాలి. అక్కడి కొయ్య దూలాలు చేతికి అందుతాయి. తూర్పు వైపు గోథిక్ (పైన కొనదేరిన) కిటికీలతో మరో భాగం ఉంది. రక్షిత కట్టడాల జాబితాలో మాత్రం ఇంటిని "18వ శతాబ్ది చివరిది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ తేదీని నమ్మవచ్చా?

మొదటి జవాబు:
అది ముందు గోడ తేదీ మాత్రమే కావచ్చు. జాబితా రాసినవారు చాలాసార్లు ఇంటిని బయటినుంచే చూసి వెళ్ళారు. పైగా సఫోక్‌లో పాత కొయ్య చట్రపు ఇళ్ళకు ముందు ఇటుక గోడ తొడగడం మామూలే. రెక్టరుకు ఇంటిపై ఉన్నది పదవిలో ఉన్నంతకాలపు హక్కే కనుక, సొంత డబ్బుతో కట్టినా అది తరువాత వచ్చేవాడికే దక్కేది. 1776 నాటి గిల్బర్ట్ చట్టం పదవి ఆదాయాన్ని తనఖా పెట్టి ఇల్లు కట్టుకోవడానికి వీలు కల్పించి, మిగిలిన బాకీని ఆ పదవిలోకి తరువాత వచ్చేవారి మీదికి మళ్ళించింది. ఆ దరఖాస్తుకు జతచేసిన నక్షాలు, మేస్త్రీ అంచనాలు డయాసిస్ (బిషప్ అధికార ప్రాంతం) పత్రాల్లో దొరకవచ్చు. అప్పట్లో సఫోక్ దాదాపు అంతా నార్విచ్ డయాసిస్ కిందే ఉండేది కనుక అక్కడినుంచే వెతకడం మంచిది.

రెండో జవాబు:
పై మాటకు చిన్న సవరణ. జమీందారీ కుటుంబాలనుంచి వచ్చిన సంపన్న రెక్టర్లు సొంత ఖర్చుతోనూ కట్టించారు; తనఖా పత్రం లేనంత మాత్రాన ఇల్లు మారలేదని అనుకోకూడదు. వెనుక భాగానికి అసలు ఆధారం చర్చి ఆస్తుల పట్టిక. 1604 నుంచి చర్చి నిబంధనలు అడిగిన ఈ పట్టికల్లో కొన్ని, ఇంటికి ఎన్ని అంకణాలో, పైన గడ్డి కప్పా పెంకులా అన్నదీ చెబుతాయి. అటకెక్కి వాసాలనూ చూడండి: వాటికి పాత మసి పట్టి ఉంటే, ఒకప్పుడు కింద పొగగొట్టం లేని పొయ్యి మండిన హాలు ఉండేదన్నమాట. కిటికీలను మాత్రం గుడ్డిగా నమ్మవద్దు. పై చట్రం అడుగు మూలల్లో కొమ్ముల్లాంటి కొయ్య ముక్కలు పొడుచుకొని ఉంటే అవి సాధారణంగా విక్టోరియా కాలంలో మార్చినవే; గోడ అంతకంటే ఎంతో పాతది కావచ్చు.

మూడో జవాబు:
తూర్పు భాగం సంగతి తేల్చడం తేలిక. 1836 చట్టం దశమభాగాన్ని (చర్చికి పంటలో ఇచ్చే పదో వంతును) ధాన్యం ధరలతో ముడిపడిన నగదు చెల్లింపుగా మార్చాక, చాలా ఊళ్ళకు పటాలు గీశారు. చాలావాటిలో ఇంటి ఆకారం కూడా కనిపిస్తుంది. 1838 చట్టం చర్చి గురువులు తమ పారిష్‌లోనే (చర్చి పరిధిలోని ఊళ్ళోనే) నివసించాలన్న నియమాన్ని బిగించడంతో కొత్త నిర్మాణాలు పెరిగాయి. బ్రిస్టల్ దగ్గర కోల్‌పిట్ హీత్‌లో వాస్తుశిల్పి బటర్‌ఫీల్డ్ 1844-45లో కట్టిన వికారేజీ (గురువు నివాసం) తరహాలో, సౌష్ఠవం వదిలేసి గదుల అవసరాన్నే బయటికి చూపే గోథిక్ పద్ధతి ఆ తరువాతే వ్యాపించింది. మీ తూర్పు భాగం దశమభాగ పటంలో లేకుండా, 1880ల ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) పటంలో ఉంటే, అది ఆ రెండింటి మధ్య కట్టినదే. అందులో చదువు గదికి బయటినుంచి విడిగా తలుపు ఉందేమో కూడా చూడండి. పారిష్ జనం కుటుంబం ఉండే గదుల్లోకి రాకుండా గురువును కలవడానికి ఆ కాలంలో అలా పెట్టేవారు.