ఖైదీ తన కేసును తానే వెనక్కి తీసుకుంటే ఓడిపోయినట్టేనా?

గోదారిగట్టు (డాలస్):
ఇక్కడ జైళ్లకు ఉత్తరాలు రాసే బృందంలో నేనొకణ్ణి. టెక్సాస్‌లో ఒక ఖైదీ, వైద్యం అందలేదని లాయరు లేకుండా చేత్తో రాసి ఫెడరల్ కోర్టులో పౌరహక్కుల కేసు వేశాడు. నాలుగు నెలలకు ఒక్క పేజీ నోటీసుతో తనే ఉపసంహరించుకున్నాడు. బెదిరించి ఉంటారని మావాళ్లలో చాలామంది అనుమానం. నేనైతే తెలివైన పని చేశాడంటాను. జైలు అధికారులు జవాబు దాఖలు చేయకముందైతే జడ్జి అనుమతి కూడా అక్కర్లేదు, మళ్లీ వేసుకునే హక్కు పోదు. అదే పసలేదని కోర్టు కొట్టేస్తే అతని పేరు మీద ఒక మచ్చ పడుతుంది. అలాంటివి మూడైతే, ఒంటికి తీవ్రమైన హాని ముంచుకొస్తే తప్ప, తర్వాతి కేసుకు ఫీజు మొత్తం ముందే కట్టాలి. ఖైదీలు వేసే కేసుల మీద ఇక్కడ తెచ్చిన 1996 చట్టం అది.

వేపచెట్టు:
మీరు హక్కు గురించి చెప్పారు, డబ్బు సంగతి వదిలేశారు. పేద ఖైదీకి కూడా ఫీజు 350 డాలర్లు మాఫీ కాదు, వాయిదాలు పడతాయంతే. ఖైదీ జైలు ఖాతాలో పది డాలర్లు దాటితే, ముందు నెలలో వచ్చిన డబ్బులో ఇరవై శాతం కోర్టుకు పోతుంది. కేసు వెనక్కి తీసుకున్నా ఆ బాకీ తీరదు. టెక్సాస్ జైళ్లలో చాలా పనులకు ఒక్క సెంటు కూలీ ఇవ్వరు, కాబట్టి ఆ ఖాతాలో ఉండేది ఇంటి నుంచి తల్లో చెల్లో పంపిన డబ్బే. మళ్లీ కేసు వేస్తే రెండో 350. రెండు కేసులకూ ఒకేసారి కోస్తారని, అంటే నలభై శాతమని, 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. సబ్బు కొనుక్కోవాల్సిన డబ్బండీ అది! దీన్ని తెలివి అనడానికి నాకు నోరు రావట్లేదు.

బెజవాడ వకీలు:
మన దగ్గర సివిల్ దావాను కోర్టు అనుమతి తీసుకోకుండా వెనక్కి తీసుకుంటే, అదే విషయంపై మళ్లీ వేయలేం. అక్కడ మొదటిసారికి ఆ తలుపు తెరిచే ఉంటుంది. అదే కేసు రెండోసారి నోటీసుతో వెనక్కి తీసుకుంటే మాత్రం తీర్పు వచ్చి ఓడినట్టే లెక్క. ఇంకో మాట. మన దేశంలో కస్టడీలో ఉన్నవాళ్లకు 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచిత లాయరు హక్కు. అక్కడ సివిల్ కేసుకు ఆ హక్కే లేదు. ఇవన్నీ ఒక్కడే కూర్చుని ఎలా తెలుసుకుంటాడు?

గోదారిగట్టు:
వేపచెట్టు గారూ, నలభై శాతం సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. అయినా అతనికి వేరే దారి లేదు. కోర్టుకెళ్లే ముందు జైల్లోనే రెండు మెట్ల ఫిర్యాదు పూర్తి చేయాలి. మొదటిది ఘటన జరిగిన పదిహేను రోజుల్లో. ఇతను రెండో మెట్టు జవాబు రాకముందే కేసు వేసేశాడు. కేసు వెనక్కి తీసుకోకపోతే కోర్టే కొట్టేసేది, బాకీ అప్పుడూ మిగిలేది. నా టెన్షన్ మళ్లీ కేసు వేసే గడువు గురించే. టెక్సాస్‌లో రెండేళ్లు. వెనక్కి తీసుకున్న కేసు నడిచిన నాలుగు నెలలూ అందులోంచి పోయినట్టే. ఈ వారం ఉత్తరంలో చివరి తేదీ ఎలా లెక్కేసుకోవాలో, ఫీజు ఎంత కోస్తారో రెండూ రాస్తున్నాను.

వేపచెట్టు:
రెండో మెట్టు జవాబు కాగితం కాపీ దగ్గర పెట్టుకోమని కూడా రాయండి. సోదాల్లో కాగితాలు పోతుంటాయి. వీలైతే ఒక కాపీ ఇంటికి పంపమనండి.