పదకొండేళ్ల సిస్టమ్‌ని బాగు చేయించాలా, కొత్తది కట్టించాలా?

చంద్రగిరి జిరాక్స్ – ఆదివారం రాత్రి 9:40
అందరికీ నమస్కారం. చంద్రగిరిలో మాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. 2015లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ సిస్టమ్ ఒక్కటే ఉంది. ఐ5 4460, హెచ్81 బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున ఆన్ చేస్తే పని మొదలుపెట్టడానికి నాలుగైదు నిమిషాలు పడుతోంది. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు షాపులో పది మంది నిలబడి ఉంటారు, ఇదేమో తిరుగుతూనే ఉంటుంది. తిరుపతిలో అడిగితే కొత్తది 46 వేలు అన్నారు. అంత డబ్బంటే మాకు ఒక పెళ్లిళ్ల సీజన్ సంపాదన. ఏం చేయమంటారు?

చిత్తూరు సర్వీస్ – 10:05
తమ్ముడూ, తొందరపడొద్దు. 22 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. నువ్వు చెప్పినదాంట్లో జబ్బు ప్రాసెసర్‌ది కాదు, హార్డ్ డిస్క్‌ది. పాత డిస్క్ మంచి కండిషన్‌లో ఉన్నా సెకనుకి 100, 150 ఎంబీ చదువుతుంది. దాని బదులు వేసే ఎస్‌ఎస్‌డీ (చిప్‌ల డ్రైవ్), మామూలు సాటా రకమే అయినా, 500 దాటుతుంది. ఇంకా పెద్ద తేడా ఏమిటంటే, చిన్న చిన్న ఫైళ్లు వందలకొద్దీ వెతికేటప్పుడు డిస్క్‌లో ముల్లు అటూ ఇటూ తిరగాలి, ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు. నీ బోర్డుకి ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) స్లాట్ ఉండదు, దాని జోలికి పోవద్దు, సాటాదే తీసుకో. ర్యామ్ స్లాట్లు రెండే, 16 జీబీ వరకు పడుతుంది. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు మార్చు, బోర్డు మీద బిళ్ల బ్యాటరీ మార్చు. ఆ బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోయి బ్యాంకు సైట్లు తెరుచుకోవు, జనం నెట్ పోయిందనుకుంటారు.

కాలేజీ ల్యాబ్ తిరుపతి – 10:31
వేగం సంగతి అన్నగారు చెప్పింది నిజమే. కానీ విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పొడిగింపు కోసం నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ నుంచే అర్హత. మీది 4వ తరం. ఇప్పుడు పాతదాని మీద పెట్టే డబ్బు కొన్ని నెలల కోసమే అవుతుంది.

చిత్తూరు సర్వీస్ – 10:44
4వ తరం మీద విండోస్ 11 నేనే పది సిస్టమ్‌లకు పైగా ఎక్కించాను. అన్నీ నడుస్తున్నాయి.

కాలేజీ ల్యాబ్ తిరుపతి – 10:52
ఎక్కించొచ్చు. అర్హత లేని సిస్టమ్‌కి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. పెద్ద వెర్షన్ మారినప్పుడు తనంతట తాను రాదు, మళ్లీ చేత్తో ఎక్కించాలి.

చిత్తూరు సర్వీస్ – 10:58
ఇందాక ఎక్కదన్నారు, ఇప్పుడు ఎక్కుతుంది అంటున్నారు.

కాలేజీ ల్యాబ్ తిరుపతి – 11:01
అర్హత లేదన్నాను. ఎక్కదు అనే మాట నేను రాయలేదు. పైకి వెళ్లి చదవండి.

పాకాల కుర్రోడు – 11:03
విండోస్ బదులు లినక్స్ మింట్ వేసేయండి అన్నా. ఫ్రీ.

చంద్రగిరి జిరాక్స్ – 11:10
తమ్ముడూ, పెళ్లి పత్రికలన్నీ విండోస్‌లో నడిచే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అనూ తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. పదేళ్ల ఫైళ్లు. పాత పత్రిక తెరిచి పేర్లు మార్చడమే మా పని.

పుత్తూరు స్టూడియో – సోమవారం ఉదయం 7:20
మా అనుభవం చెప్తాను. మా ఆయన పాత సిస్టమ్‌ని కొంచెం కొంచెంగా బాగు చేయిస్తూ వచ్చారు. మొదట ర్యామ్, తర్వాత గ్రాఫిక్స్ కార్డు, దానికి కరెంటు చాలక కొత్త ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు ఇచ్చే డబ్బా). రెండేళ్లలో 27 వేలు. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది, బోర్డు పోయింది. కొత్త బోర్డుకి డీడీఆర్3 ర్యామ్ పట్టదు, పాత ప్రాసెసర్ కూర్చోదు. మొత్తం కొత్తవే కొన్నాం. అప్పుడు చేతిలో ఒక పెళ్లి ఆల్బమ్ ఉంది. ఆ పెళ్లివాళ్ల ముందు నిలబడింది నేను. అన్నా, ఎస్‌ఎస్‌డీ వరకు సరే. దానికి మించి పాతదానికి రూపాయి కూడా పెట్టకండి.

రేణిగుంట 517 – 7:48
కొత్తదనేవాళ్లు ర్యామ్ ధర చూశారా? 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లకే మెమరీ చిప్‌లు పోతున్నాయి. మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు అమ్మడమే ఆపేస్తానని 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్తే చవకగా వస్తుందని కూడా పోవద్దు. నేను పోయి బిల్లు లేకుండా తెచ్చుకున్న ఎస్‌ఎస్‌డీ ఐదు నెలల్లో పోయింది. వారంటీకి మొహం చూపించే దారి లేదు.

కాలేజీ ల్యాబ్ తిరుపతి – 8:15
ధర పెరిగిందని భద్రత వాయిదా వేయలేం. సర్వీసు చేసేవాళ్లకి పాత సిస్టమ్ బతికి ఉంటేనే బేరం, అందుకే అలా చెప్తారు.

చిత్తూరు సర్వీస్ – 8:22
సార్, ఆ మాట మీరు అనకూడదు. 2020లో స్కూళ్లు మూసేసినప్పుడు గ్రీమ్స్‌పేట నుంచి, కట్టమంచి నుంచి పిల్లల తల్లులు పాత సీపీయూలు చంకలో పెట్టుకొని వచ్చారు. ఆన్‌లైన్ క్లాసులు వినాలి, కొత్తది కొనే స్తోమత లేదు. ఉబ్బిన కెపాసిటర్లు మార్చాను, చచ్చిన బోర్డుల నుంచి ర్యామ్ తీసి వేశాను. చాలామంది దగ్గర కూలి కూడా తీసుకోలేదు. ఒక షాపువాళ్లు బోర్డు పోయిందని చెప్పి కొత్తది అంటగట్టిన కస్టమర్ పాత సిస్టమ్ నాకు ఇచ్చేశాడు. పోయింది ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే. అదే సిస్టమ్ మీద ఇప్పుడు నా కొడుకు డిప్లొమా చదువుతున్నాడు. బేరం కోసం చెప్తున్నానా నేను?

కాలేజీ ల్యాబ్ తిరుపతి – 8:50
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తప్పే.
నాకు ఎందుకు అంత కోపం వచ్చిందో చెప్తాను. మా అమ్మ పింఛను పని కోసం ఒక నెట్ సెంటర్‌లో ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఇచ్చింది. ఏడాది తర్వాత సంచార్ సాథీలో (మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూపించే ప్రభుత్వ సైటు) చూస్తే ఆమె పేరు మీద మాకు తెలియని రెండు సిమ్‌లు ఉన్నాయి. ఆమెకి చదువు రాదు. పోలీస్ స్టేషన్‌కి మూడుసార్లు తిప్పాను. ఎక్కడి నుంచి పోయాయో చెప్పలేను, కానీ ఆ సెంటర్‌లో తెర మీద ఊరందరి కాగితాలు కనిపించేవి. చంద్రగిరి తమ్ముడి షాపుకి కూడా అలాంటి అమ్మలే వస్తారు. సొంతానికి వాడుకునే సిస్టమ్ అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు.

చిత్తూరు సర్వీస్ – 9:14
అమ్మ సంగతి వింటే బాధగా ఉంది సార్. కానీ కాగితాలు తీసింది మనిషి అయితే కొత్త విండోస్ ఏం ఆపుతుంది? నా బాధ వేరే. బాగా నడిచే మిషన్‌ని, ఎక్కడో కంపెనీ ఒక తేదీ వేసిందని పక్కన పారేయమంటున్నారు. ఆ ఖర్చు చంద్రగిరిలో పేజీకి రెండు రూపాయలు తీసుకునేవాడు ఎందుకు మోయాలి? ఈరోజు 8వ తరం అంటారు. ఐదేళ్లకి ఇంకో తరం అంటారు.

కాలేజీ ల్యాబ్ తిరుపతి – 9:26
మోయకూడదు, ఒప్పుకుంటాను. కానీ ఆయన మోయకపోతే ఆ కాగితాలు ఇచ్చినవాళ్లు మోస్తారు.

పాకాల కుర్రోడు – 9:30
ఇంతకీ డౌన్‌లోడ్స్ ఎప్పుడైనా ఖాళీ చేశారా అన్నా?

చంద్రగిరి జిరాక్స్ – రాత్రి 10:15
షాపు మూశాక ఇప్పుడే చూశాను. 2019 నుంచి ఒక్కటీ తీయలేదు. మూడు వేల పైన ఫైళ్లు ఉన్నాయి. ఆధార్‌లు, పట్టాదారు పాస్‌బుక్కులు, ఆడపిల్లల ఫోటోలు. మా పెద్దమ్మ రేషన్ కార్డు కూడా ఉంది. చేతులు వణికాయి. పత్రికల ఫైళ్లు పక్కకి కాపీ చేసుకొని మిగతావన్నీ తీసేస్తున్నాను.
ఈ నెల ఎస్‌ఎస్‌డీ ఒక్కటే వేయిస్తాను, పొడిగింపుకి నమోదు చేస్తాను. పండగ బేరం చూసి అక్టోబర్ లోపల కొత్తది. అప్పుడు అదే ఎస్‌ఎస్‌డీ కొత్తదాంట్లోకి మార్చుకోవచ్చా అన్నా?

చిత్తూరు సర్వీస్ – 10:21
పనికొస్తుంది తమ్ముడూ, సాటా పోర్టు కొత్త బోర్డులకి కూడా ఉంటుంది. బిల్లు తీసుకో. కానీ పాత సిస్టమ్ ఎవరికీ తూకానికి వేయొద్దు, నెట్ తీసేసి పత్రికలకి పెట్టుకో.

కాలేజీ ల్యాబ్ తిరుపతి – 10:25
నెట్ తీసేస్తే నాకూ అభ్యంతరం లేదు. ఇంకోటి, ఫైళ్లు తీశాక రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. పాత హార్డ్ డిస్క్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు.