చర్చ: ఇల్లు చూసి "బాగుంది" అంటున్నారు, మళ్లీ ఫోన్ చేయట్లేదు. ఎక్కడ తేడా కొడుతోంది?

మెట్లకింద:
అందరికీ నమస్కారం. ఇల్లు అమ్మకానికి పెట్టి తొమ్మిది వారాలైంది. ఆన్‌లైన్‌లో ప్రకటన బాగానే చూస్తున్నారు, ఇంటిదాకా పదకొండు కుటుంబాలు వచ్చాయి. అందరూ "బాగుందండీ" అనే అన్నారు. రెండోసారి వచ్చినవాళ్లు లేరు. కనీసం బేరమైనా ఆడలేదు. తగ్గించమని అడిగితే నచ్చిందని అనుకోవచ్చు, అదీ లేదు. పద్నాలుగేళ్లు మేమే ఉన్న ఇల్లు, శుభ్రంగానే ఉంటుంది. వెనక గదిలో ఒక గోడకి చెమ్మ ఉండేది, పుట్టీ పెట్టి రంగు వేయించేశాం. ఇప్పుడు మావారు వంటగది మొత్తం కొత్తగా చేయిద్దామంటున్నారు. అంత ఖర్చు పెట్టాలంటారా?

పాతతాళం:
వంటగది జోలికి మాత్రం వెళ్లకండి. నేనా పొరపాటు చేశాను. ఉన్నవన్నీ పీకించి కొత్త అరలు పెట్టిస్తే, చివరికి కొన్నాయన "ఈ రంగు మా ఇంట్లోవాళ్లకి నచ్చదు, తీయించేస్తాం" అన్నాడు. నా ముందే. మనకి నచ్చినదానికి పెట్టిన ఖర్చు ఎదుటివాడి లెక్కలోకి రాదు. దాని బదులు కారే కుళాయి, కిర్రుమనే తలుపు, పడని గొళ్లెం, పనిచేయని స్విచ్చి చూసుకోండి. కుళాయి బాగుచేయడం పెద్ద విషయమేం కాదు. కానీ చూసేవాడి బుర్రలో "కళ్లెదుట ఉన్నదే పట్టించుకోలేదు, గోడల్లోపల ఇంకేముందో" అని మొదలవుతుంది.

నీలిగుమ్మం:
ప్రకటన చూసి ఎవరూ రాకపోతే తప్పు ఫొటోల్లోనో ధరలోనో ఉన్నట్టు. వచ్చి చూసి వెళ్లిపోతుంటే మాత్రం ఇంట్లోనే ఏదో ఉంది. మీది రెండోది. అడగకూడదు గానీ, వాసన ఏమైనా ఉందా అండీ? మన ఇంటి వాసన మనకి తెలియదు. ఏ వాసనకైనా ముక్కు కొద్ది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది, మీరు అందులో పద్నాలుగేళ్లున్నారు. బయటివాళ్లని పిలిచి, గుమ్మంలో నిలబెట్టి, లోపలికి అడుగుపెట్టిన క్షణంలో ఏమనిపించిందో చెప్పమనండి. మొహమాటం లేని మనిషినే పిలవండి.

మాకు జరిగింది చెప్తాను. వాడకుండా మూసేసిన బాత్రూం ఒకటుండేది. సందర్శకులు వచ్చినప్పుడల్లా డ్రైనేజీ కంపు. గొట్టాలు మార్చాలేమోనని బెంగపడ్డాం. తీరా చూస్తే జాలీ కింద ఉండే వంపులో నీళ్లు ఎండిపోయాయంతే. ఆ వంపులో నిలిచే నీళ్లే కింది గాలిని పైకి రాకుండా ఆపేది. రెండు చెంబులు పోస్తే పోయింది. ఇల్లు ఖాళీగా పెట్టి అమ్మేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. నీళ్లమీద ఒక చెంచా నూనె పోస్తే తొందరగా ఆవిరవ్వవు కూడా.

సున్నంబకెట్:
ఇల్లు కట్టే పనిలోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా. మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన ఆ చెమ్మ గోడే అసలు సంగతి అని నా అనుమానం. కారణం పట్టుకోకుండా పుట్టీ పెడితే ఎన్నాళ్లు నిలుస్తుంది? కొన్ని వారాలకి మళ్లీ ఉబ్బుతుంది, లేదా తెల్లగా ఉప్పు పొంగుతుంది. పైగా ఇంటిల్లిపాదీ పాత రంగులో ఉండి ఒక్క గోడ మాత్రం తళతళలాడుతుంటే, దాచినట్టు మీరే వేలు పెట్టి చూపించినట్టు.

ఒక పని చేయండి. మూరెడు పాలిథీన్ కాగితం తీసుకుని ఆ గోడకి నాలుగువైపులా గాలి చొరకుండా టేపు అంటించండి. రెండు రోజులు వదిలేయండి. కాగితం లోపలివైపు, అంటే గోడవైపు, నీటి బిందువులు పడితే తేమ గోడలోంచి వస్తోంది. గదివైపు పడితే అది గదిలో గాలిలోని తేమ, కిటికీలు తెరిస్తే చాలావరకు పోతుంది. ఈలోపు గోడమీద ఇంకే పూతా వేయకండి.

అద్దంలోమనిషి:
ఫొటోల గురించి నా మాట. ఫోన్లో వెడల్పు లెన్సు పెట్టి తీస్తే గది హాలులా కనిపిస్తుంది. జనం వస్తారు, నిజమే. వచ్చాక "ఇంతేనా" అనుకుంటారు. మెట్లకింద గారూ, మీకు వచ్చినవాళ్లు ఎక్కువ, నిలిచినవాళ్లు లేరు అంటే ఇదీ ఒక కారణం కావచ్చు. మామూలు లెన్సుతో, గది మూల నుంచి, ఛాతీ ఎత్తులో, గోడల గీతలు నిటారుగా ఉండేలా తీయండి. ఒకే గదిలో పసుపు బల్బు ఒకటి, తెల్ల బల్బు ఒకటి ఉంటే ఫొటోలో గోడ మచ్చలమచ్చలుగా పడుతుంది. రెండూ ఒకే రకం పెట్టండి, 3000 కెల్విన్ (బల్బు వెలుగు రంగుని చెప్పే కొలత) దగ్గరివైతే కంటికి హాయిగా ఉంటాయి. ఫొటోలతోపాటు కొలతలు వేసిన ఇంటి పటం ఒకటి పెట్టండి. తమ మంచం పడుతుందో లేదో జనం దాన్ని చూసే తేల్చుకుంటారు. బీరువా తాళాలు, పిల్లల ఫొటోలు మాత్రం కనపడనీయకండి. ప్రకటన ఎవరు చూస్తారో మనకి తెలియదు. అద్దంలో ఫోన్ పట్టుకుని మీరు కనిపించకుండా కూడా చూసుకోండి (నా పేరు అలా వచ్చిందే).

పాతతాళం:
హహ్హ, ఆ ఫొటో ఇంకా ఉందా?

ఖాళీగది:
సామాన్లు తీసేసి ఇల్లు ఖాళీగా చూపిస్తే విశాలంగా కనపడుతుందని మేం అనుకున్నాం. ఉల్టా అయింది. పోల్చుకోడానికి ఏమీ లేకపోతే గది చిన్నదిగానే అనిపిస్తుంది, పైగా కళ్లన్నీ గోడమీది మేకు బెజ్జాలమీదకే పోతాయి. ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు తెచ్చి మళ్లీ పెట్టాం.

నీలిగుమ్మం:
దీనికి నేను పూర్తిగా ఒప్పుకోను. పాత సామాను నిండా ఉండే ఇంటికన్నా ఖాళీ ఇల్లే నయం. కొనేవాళ్లు అలమరాలు తెరుస్తారు, గుర్తుపెట్టుకోండి. కుక్కి మూసిన అలమరా తెరిస్తే "ఈ ఇంట్లో చోటు చాలదు" అనే అర్థమవుతుంది.

గడపదాటిన:
ధర గురించి ఎవరూ ఎత్తలేదేం? 1990లో కానెమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు కప్పులతో చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. కొందరికి కాఫీ కప్పులిచ్చి ఎంతకి అమ్ముతారని, కప్పు లేనివాళ్లని ఎంతకి కొంటారని అడిగారు. చేతికొచ్చి ఎంతోసేపు కాని కప్పుకే అమ్మేవాళ్లు రెండింతలకి పైగా చెప్పారు. మరి పద్నాలుగేళ్ల ఇంటికి మనం ఎంత చెప్తాం? చుట్టుపక్కల ఇళ్లు నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో కనుక్కోండి. ప్రకటనల్లో ఉన్నవి అడిగే ధరలు, అవి మీలాంటి నాలాంటివాళ్ల ఆశలు. కొత్త ప్రకటన మీద ఆసక్తి మొదటి రెండు మూడు వారాల్లోనే ఎక్కువ. ఆ తర్వాత "ఇన్నాళ్లు ఎందుకు పోలేదు" అనే ప్రశ్న తోడవుతుంది.

ఇంకోటి. చూడ్డానికి వచ్చినప్పుడు మీరు వెంటే తిరుగుతున్నారా?

మెట్లకింద:
తిరుగుతున్నాను 🙈 ఏ గది ఎప్పుడు బాగుచేయించామో చెప్తూ.

గడపదాటిన:
వదిలేయండి. మీరు పక్కనుంటే వాళ్లు మొహమాటానికి "బాగుంది" అని వెళ్లిపోతారు. మీకు వచ్చిన పదకొండు "బాగుంది"లు అవే. తలుపు తీసి, వాకిట్లోనో మేడమీదో కూర్చోండి. వాళ్లలో వాళ్లు మాట్లాడుకోనివ్వండి.

మెట్లకింద:
మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించాలి.

ముందు వాసన. మా పిన్ని కూతుర్ని గుమ్మంలో నిలబెట్టాను. "అక్కా, తడి గుడ్డలు పెట్టెలో పెట్టి మరిచిపోయిన వాసన" అంది. ఒక పూట దానితో మాట్లాడలేదు. కాగితం పరీక్ష కూడా చేశాం, గోడవైపే నీళ్లు. పగలగొట్టి చూస్తే పై బాత్రూం గొట్టం జాయింటు దగ్గర సన్నగా కారుతోంది. గొట్టం మార్పించాం. పగలగొట్టినప్పుడు, మార్చాక తీసిన ఫొటోలు, పనివాళ్లిచ్చిన బిల్లు ఒక ఫైల్లో పెట్టాం. పన్ను రసీదులు, దస్తావేజుల నకళ్లు కూడా అందులోనే. వచ్చినవాళ్లకి ఫైలే ముందు చేతికిచ్చి, గోడ సంగతి మేమే చెప్పి, నేను మేడెక్కేస్తున్నాను. వంటగది ముట్టుకోలేదు. ధర కొంచెం దించాం, మావారికి ఇంకా మనసొప్పడం లేదు.

ఇద్దరు వచ్చారు. ఒకాయన ఫైలు మొత్తం చదివి వెళ్లిపోయాడు. రెండో ఆవిడ మొన్న ఆదివారం వాళ్లమ్మగారిని, కొలిచే టేపుని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. పెద్దావిడ తిన్నగా వెనక గదికి వెళ్లి గోడకి అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారట. నిన్న ఫోన్ చేసి బేరం మొదలుపెట్టారు. ఈ వారం మళ్లీ వస్తామన్నారు. ఆలోపు ఆ గోడకి రంగు వేయించేయనా?

సున్నంబకెట్:
వద్దమ్మా. గోడ ఎంత మందమో చెప్పండి. అంగుళానికి నెల చొప్పున ఆరాలని మా పెద్ద మేస్త్రీ లెక్క. గోడ గచ్చు రంగు వేయకుండా అలాగే ఉంచి, ఆ పెద్దావిడని ఈసారి కూడా చెయ్యి పెట్టి చూసుకోనివ్వండి.