తరగతి కబుర్లు, హోంవర్క్ ఇంటికి చేరే పద్ధతి మీ పిల్లల బడుల్లో ఎలా ఉంది?

ప్రశ్న: మూడో తరగతి పాప తల్లి, కూకట్‌పల్లి

మా పాప ఇక్కడే ఒక ప్రైవేటు పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. నిరుటి వరకు హోంవర్క్ డైరీలో వచ్చేది. ఈ విద్యా సంవత్సరం నుంచి అంతా వాట్సాప్ గ్రూపులోనే వస్తోంది. నేనూ మా వారూ ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది కాబట్టి సాయంత్రం పాప దగ్గర కూర్చునేది మా అత్తయ్యే. ఆవిడ తెలుగు చక్కగా చదువుతారు గాని, గ్రూపులో వచ్చేదంతా ఇంగ్లీషు, పైగా ఆ గ్రూపు ఉన్నది నా ఫోనులో. టీచరు గారి సందేశానికి వేళంటూ లేదు. ఒకనాడు నాలుగున్నరకే వస్తుంది, మరొకనాడు రాత్రి తొమ్మిదైనా రాదు. వచ్చాక దాని కింద వరసగా పడే 'థాంక్యూ మేడమ్'ల మధ్య అసలు విషయాన్ని వెతుక్కోవలసి వస్తుంది.

మొన్న రాత్రి పడుకోబోయే వేళకు, మర్నాటికి ఐదు రకాల ఆకులు అతికించి పంపాలని సందేశం వచ్చింది. చీకటి పడ్డాక చెట్టు మీద చెయ్యి వేయకూడదని అత్తయ్య, తీసుకెళ్లకపోతే మిస్ కోప్పడతారని పాప పట్టుబడితే, చివరికి వంటింట్లో ఉన్న కరివేపాకు, కొత్తిమీర, పుదీనా, మెంతికూర, పూజకు తెచ్చిన తమలపాకు అతికించి గండం గట్టెక్కాము.

హోంవర్క్ సంగతి అలా ఉంచితే, బడిలో ఆ రోజు ఏం జరిగిందో మాకు బొత్తిగా తెలియడం లేదు. పాపను అడిగితే 'ఏం లేదు' అంటుంది. మీ పిల్లల బడుల్లో ఏ పద్ధతి నడుస్తోంది? టీచరు గారి మనసు నొచ్చుకోకుండా ఈ విషయం ఎలా ఎత్తాలి?

జవాబు: ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయురాలు, ఉప్పల్

సందేశం ఎందుకు ఆలస్యమవుతుందో ముందు చెబుతానండి. చాలా ప్రైవేటు బడుల్లో ఒక్కో సబ్జెక్టు టీచరు తన హోంవర్క్‌ను క్లాస్ టీచరుకు పంపాలి, ఆవిడ అన్నీ ఒకచోట చేర్చి కోఆర్డినేటరుకు చూపించాలి, వారు సరేనన్నాకే గ్రూపులో పెట్టాలి. ఈలోగా బస్సు డ్యూటీ ఉంటుంది, దిద్దవలసిన నోటుపుస్తకాల కట్ట ఉంటుంది. అందుచేత మీరు అడగవలసింది టీచరును కాదు, కోఆర్డినేటరును. గ్రూపులో మాత్రం అడగకండి; పదిమంది ముందు అడిగితే న్యాయమైన మాట కూడా ఫిర్యాదుగానే వినిపిస్తుంది.

కేంద్ర విద్యాశాఖ తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ 2020 ఒకసారి చదవండి. రెండో తరగతి వరకు హోంవర్క్ ఇవ్వకూడదని, మూడు నుంచి ఐదో తరగతి వరకు వారానికి రెండు గంటలకు మించకూడదని అందులో ఉంది. రోజుకు కాదు, వారానికి. సాయంత్రం ఎలా గడిపారో, రాత్రి ఏం తిన్నారో, ఆ వంట ఎవరు చేశారో మర్నాడు పిల్లల చేత తరగతిలో చెప్పించాలని కూడా అందులోనే రాశారు.

మా బడిలో ఆఖరి పీరియడు చివర పది నిమిషాలు డైరీకి కేటాయించాము. నేను బోర్డు మీద రాస్తాను, పిల్లలు చూసి రాసుకుంటారు, ఆ బోర్డు ఫోటోనే గ్రూపులో పెడతాను. దానితో పాటు తెలుగులో రెండు వాక్యాల కబురు ఉంటుంది. నిన్న పెట్టింది ఇది: 'ఈ రోజు లెక్కల్లో లీటరు, మిల్లీలీటరు మొదలుపెట్టాము. ఇంట్లో ఏ గిన్నెలో ఎన్ని గ్లాసుల నీళ్లు పడతాయో పిల్లలను కొలవనివ్వండి, రాయనక్కరలేదు.' చార్టులు, ఆకులు, పాత పత్రికలు వంటివి కావాలంటే శుక్రవారమే చెప్పి సోమవారం తెమ్మంటాము.

జవాబు: ఇద్దరు పిల్లల తండ్రి, మలక్‌పేట

పై మేడమ్ గారు చెప్పిన పాలసీ మార్గదర్శకమే తప్ప శిక్షలు వేసే చట్టం కాదు. నేను ఈ మాటే ఎత్తితే మా పిల్లల బడిలో యాజమాన్యం వారు, హోంవర్క్ తగ్గిస్తే తల్లిదండ్రులే వచ్చి నిలదీస్తున్నారని జవాబిచ్చారు. అందులో అబద్ధమేమీ లేదు. పక్కింటి పిల్లవాడు నాలుగు పేజీలు రాస్తుంటే మన పిల్లవాడు ఆడుకోవడం చూసి ఓర్చుకోలేనివాళ్లం మనమే.

నా అభ్యంతరం అసలు వాట్సాప్ మీదనే. హోంవర్క్ నేరుగా మన ఫోనుకు వచ్చినప్పటి నుంచి అది పిల్లల పని కాకుండా మన పనైపోయింది. మా చిన్నవాడు తరగతిలో పెన్సిలు కూడా తీయడు, 'మమ్మీ ఫోనులో వస్తుందిగా' అంటాడు. ఎనిమిదేళ్ల బిడ్డ తన పని తాను రాసుకుని, రాసుకున్నది అర్థం కాకపోతే స్నేహితుణ్ణి అడిగి తెలుసుకోవడం కూడా చదువులో భాగమే. కాబట్టి డైరీని మళ్లీ తెమ్మని అడగండి. వాట్సాప్ వానల సెలవులకు, బస్సు ఆలస్యాలకు ఉంటే చాలు. ఒకవేళ గ్రూపు కొనసాగించినా, అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా సెట్టింగు మార్చమనండి. క్షణంలో అయ్యే పని, థాంక్యూల బెడద ఆ పూటతో వదులుతుంది.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, అల్వాల్

అమ్మా, మీ అత్తయ్య గారికి ఇంగ్లీషు రాకపోవడాన్ని లోటుగా చూడనవసరం లేదు. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో అన్ని పాఠశాలల్లోనూ తెలుగు బోధించాలి కాబట్టి పాప దగ్గర తెలుగు పాఠ్యపుస్తకం ఉండే ఉంటుంది. రోజూ ఒక పేజీ పాప చేత పైకి చదివించుకుని వింటే, ఆ సబ్జెక్టుకు ఇంట్లో అంతకు మించిన సాయం అక్కరలేదు. లెక్కల్లో కొలతలు వచ్చినప్పుడు, నాలుగు గిద్దలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక అన్న పాత లెక్క ఆవిడ నోటికే ఉంటుంది. బియ్యం డబ్బా ముందు కూర్చోబెట్టి కొలిపిస్తే, నాలుగేసి చొప్పున పెరిగే ఆ వరస పాపకు గుణకారంగా వంటబడుతుంది.

'బడిలో ఏం జరిగింది?' అని అడిగితే ఏ బిడ్డయినా 'ఏం లేదు' అనే అంటుంది. మధ్యాహ్నం నీ పక్కన ఎవరు కూర్చున్నారు, వాళ్ల డబ్బాలో ఏం కూర ఉంది, ఈ రోజు మిస్ ఎవరిని మెచ్చుకున్నారు అని అడగండి. కూరతో మొదలైన మాట పాఠం దాకా తనంతట తానే వస్తుంది. అది కూడా ఇల్లు చేరగానే కాదు, కాళ్లు చేతులు కడుక్కుని ఏదైనా తిన్న తరువాత.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే పేరెంట్స్ మీటింగు రోజున కోఆర్డినేటరు గారికి కాగితం మీద రాసి ఇస్తాను. డైరీ మళ్లీ మొదలుపెట్టమని, సామగ్రి ఏదైనా కావాలంటే రెండు రోజుల ముందు చెప్పమని, తెలుగులో ఒక్క వాక్యమైనా కబురు పెట్టమని అడుగుతాను. మరొక్క సందేహం. మా గ్రూపులో పిల్లల ఫోటోలతో పాటు మార్కుల పట్టికలు కూడా పెడుతున్నారు. ఇది సరైనదేనా?

జవాబు: ఉపాధ్యాయురాలు, ఉప్పల్

మార్కులు అందరి ముందు పెట్టడం ఎంతమాత్రం తగదండి. ఏ బిడ్డ మార్కులు ఆ ఇంటికే చేరాలి. ఫోటోల విషయంలో, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో వచ్చిన చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతిని ప్రధానంగా చెబుతోంది. మీ కాగితంలో ఈ రెండు మాటలూ చేర్చండి, కాని మొదటి వాక్యంలో వద్దు. డైరీ సంగతి ముందు రాస్తే మిగతాది కూడా చదువుతారు.