మా ఆయన తాగుడు మానాలంటున్నారు, జీపీకి (ఫ్యామిలీ డాక్టరుకి) చెబితే వీసాకి ఇబ్బందా?

రీడింగ్ నుంచి, కొత్తగా వచ్చాను:
అందరికీ నమస్కారం. డిపెండెంట్ వీసా మీద ఈమధ్యే యూకే వచ్చాను. మా ఆయనది స్కిల్డ్ వర్కర్ వీసా. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు శని, ఆదివారాలే అనుకునేదాన్ని. ఇక్కడ రోజూ తాగుతున్నారు, 70 సీఎల్ విస్కీ బాటిల్ రెండ్రోజులు కూడా రావట్లేదు. పొద్దున్నే చేతులు వణుకుతాయి. టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నా ఒలికిపోతుంది. అడిగితే నరాల బలహీనత అని బీ కాంప్లెక్స్ వేసుకుంటారు. బాత్రూంలోకి వెళ్ళొచ్చాక మాత్రం వణుకుండదు. మొన్న బాయిలర్ అలమరాలో తువ్వాళ్ళ వెనక వోడ్కా దొరికింది. అప్పుడు తనే ఏడ్చి, మానేస్తానన్నారు. డాక్టరుకి చెబితే ఆఫీసుకి తెలుస్తుందా? వీసా పోతుందా? అత్తగారికి చెప్పే ధైర్యం లేదు.

స్లౌ నుంచి, 2004 నుంచి ఇక్కడే:
చెల్లెమ్మా, ముందు జీపీ రిజిస్ట్రేషన్ అయిందా? అది కాకపోతే అన్నీ ఆగిపోతాయి. మా బావమరిదికీ ఇదే తాగుడు. సర్జరీకి (ఇక్కడ జీపీ క్లినిక్‌ని అలాగే అంటారు) తీసుకెళ్తే రిసెప్షన్ ఆవిడ గ్యాస్ బిల్లు, కౌన్సిల్ టాక్స్ బిల్లు తెమ్మంది. వాడుండేది షేరింగ్ ఇల్లు, బిల్లులన్నీ ఓనరు పేరు మీదే. ఓనర్ని ఒక్క లెటర్ ఇవ్వమంటే ఇవ్వడు, ఇంట్లో అగ్రిమెంట్‌లో ఉన్నవాళ్ళకన్నా ఎక్కువమంది ఉన్నారు కదా, బయటపడుతుందని భయం. మళ్ళీ వెళ్తే పాస్‌పోర్టు కావాలన్నారు. తీసుకెళ్తే పేషెంట్ల లిస్టు నిండిపోయిందన్నారు. ఈలోపు వాడికి కళ్ళు పచ్చబడ్డాయి, కాళ్ళు వాచాయి. చివరికి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ రూల్ ప్రింట్ తీసి కౌంటర్ మీద పెట్టాను: రిజిస్టర్ చేసుకోడానికి అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, ఐడీ అక్కర్లేదు, వీసా చూపించక్కర్లేదు, కాదంటే కారణం కాగితం మీద రాసివ్వాలి. అప్పుడు మేనేజర్ వచ్చి ఫారం ఇచ్చాడు. మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు హెల్త్ సర్‌చార్జి కట్టి వచ్చారు మీరు, ఎవరూ ఊరికే చూడట్లేదు. గట్టిగా అడగండి.
మానడం సంగతికొస్తే, కార్తీకంలో అయ్యప్ప మాల వేయించు. 41 రోజులు చుక్క ముట్టడు.

మాంచెస్టర్ నుంచి, వార్డు నర్సుని:
అన్నగారూ, రిజిస్ట్రేషన్ గురించి మీరు చెప్పింది నిజం. మాల మాత్రం ఇప్పుడు వద్దండీ. నాకూ స్వామి మీద భక్తి ఉంది, అయినా చెబుతున్నాను. పొద్దున చెయ్యి వణికి, తాగితే ఆగుతోందంటే ఒళ్ళు మందుకి అలవాటు పడిపోయిందన్నమాట. అలాంటివాళ్ళు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండ్రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎక్కడున్నారో తెలియదు. ప్రాణం పోయే ప్రమాదం ఉంది. దీక్ష పట్టినవాళ్ళలోనూ ఇలా జరుగుతుంది, మనవాళ్ళు దాన్ని గాలి సోకిందంటారు.

చెల్లీ, లెక్క చూడు. ఇక్కడ పెద్దవాళ్ళకి వారానికి 14 యూనిట్లు (ఆల్కహాల్‌ని కొలిచే లెక్క) దాటొద్దంటారు. 70 సీఎల్, 40 శాతం బాటిల్లో 28 యూనిట్లుంటాయి. అంటే మీ ఆయన వారం మొత్తానికి చెప్పింది ఒక్కరోజులో తాగేస్తున్నారు. రోజుకి 15 యూనిట్లు దాటినవాళ్ళని మాత్రలతో తాగుడు మాన్పించాలా అని సాధారణంగా పరీక్షిస్తారు. డాక్టరు పది ప్రశ్నలు వేస్తారు, ఆడిట్ అంటారు. 40కి 20, అంతకన్నా ఎక్కువ వస్తే డిపెండెన్స్, అంటే తాగకుండా ఉండలేని స్థితి, ఉండొచ్చని అర్థం. తక్కువ చేసి చెప్పకూడదు, ఇచ్చే మాత్రల డోసు దాన్నిబట్టే. ఆ తర్వాత లిబ్రియం లాంటి మాత్రలు రోజురోజుకీ తగ్గిస్తూ ఓ వారం ఇస్తారు, బీ1 విటమిన్ కూడా. తర్వాత యావ తగ్గడానికి అకాంప్రోసేట్ లాంటివి, కౌన్సెలింగ్. జీపీ అపాయింట్‌మెంట్ ఆలస్యమైతే మీ ప్రాంతంలోని ఆల్కహాల్ సర్వీసుకి ఆయనే నేరుగా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులుండవు. అప్పటిదాకా ఆపమని పోట్లాడకు, బాటిళ్ళు సింకులో పొయ్యకు. ఫిట్స్ వచ్చినా, మాట తేడాగా ఉన్నా అంబులెన్స్‌కి 999 కొట్టు.

బర్మింగ్‌హామ్ నుంచి:
అందరూ ఒకటి మర్చిపోతున్నారు. రికార్డులో డిపెండెన్స్ అని పడితే డ్రైవింగ్ లైసెన్స్ పోతుంది. మానేసి ఏడాది గడిచేదాకా ఇవ్వరు. అందుకే ప్రైవేటుగా చూపించుకోమంటాను.

మాంచెస్టర్ నర్సు:
ప్రైవేటుకెళ్ళినా చట్టం అదేనండీ. లైసెన్సులిచ్చే డీవీఎల్‌ఏకి చెప్పాల్సింది లైసెన్స్ ఉన్నవాళ్ళే, దాస్తే 1,000 పౌండ్ల వరకు ఫైన్. అసలు పొద్దున్నే తాగే మనిషి స్టీరింగ్ పట్టుకోవచ్చా?

బర్మింగ్‌హామ్ నుంచి:
పట్టుకోమనలేదమ్మా. కారు లేకపోతే ఉద్యోగానికెలా వెళ్తాడని అడిగాను.

స్లౌ నుంచి:
రీడింగ్‌లో బస్సులకేం కొదవ? చెల్లెమ్మ అడిగింది వీసా గురించి. వైద్యం చేయించుకుంటే వీసాకి ఏమీ కాదు. రెన్యువల్ ఫారంలో అదెవరూ అడగరు, జీపీ మీ ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పడు. తాగి బండి నడిపి కేసు పడితేనే ముప్పు, అది ఫారంలో రాయాల్సిందే. సెలవుకి మొదటి ఏడు రోజులు డాక్టరు కాగితం అక్కర్లేదు. ఆ తర్వాత ఫిట్ నోట్, అంటే సెలవుకి డాక్టరిచ్చే కాగితం, కావాలి.

లెస్టర్ నుంచి:
అమ్మా, నీ సంగతి ఎవరూ అడగలేదు. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం అల్-అనాన్ మీటింగులుంటాయి, ఆన్‌లైన్లో కూడా. పేరు చెప్పక్కర్లేదు. మా ఇంట్లో ఇదే నడిచినప్పుడు అక్కడ కూర్చున్నాకే నాకు రాత్రుళ్ళు నిద్రపట్టింది. అత్తగారికి ఇప్పుడే చెప్పకపోయినా పరవాలేదు.

రీడింగ్ నుంచి:
అందరికీ చాలా థాంక్స్. ఆయనకి చదివి వినిపించాను. రేపు 8 గంటలకి సర్జరీకి తనే ఫోన్ చేస్తానన్నారు. అక్కా, ఎంత తాగుతున్నారో ఎలా రాయాలి? పెగ్గుల్లోనా?

మాంచెస్టర్ నర్సు:
పెగ్గులొద్దు. ఇక్కడ పబ్బులో సింగిల్ 25 ఎంఎల్, మనవాళ్ళు ఇంట్లో పోసుకునేది 60 పైనే. బాటిల్ వెనక యూనిట్లు అచ్చువేసి ఉంటాయి. ఏ బాటిల్ ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు అయిపోయింది అని తేదీ, టైముతో రాయి. వోడ్కాది కూడా కలిపి. ఆయనకి ఇంగ్లీషు వచ్చినా తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఫోన్లోనే అడగమను, ఖర్చుండదు.