‘దేవునికి తెలుసు’, ‘దేవునికే తెలుసు’: పేరు తెలియని సైనికుడి సమాధి మీది ఇంగ్లీషు మాటని తెలుగులో ఎట్లా రాద్దాం?

మాది గుత్తి. తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు, ఇప్పుడు నాగాలాండ్‌లో పోస్టింగ్. మొన్న వాడి దగ్గరికి పోయినప్పుడు అమ్మని కోహిమా యుద్ధ శ్మశానానికి తీసుకుపోయినాను. 1944లో జపాన్ సైన్యాన్ని అడ్డుకున్న పోరులో చనిపోయినవాళ్లవి 1,420 సమాధులున్నాయి అక్కడ. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికులకు వేరే స్మారకం. చిన్నప్పటి నుంచి గుత్తి కోట కింద దొరల సమాధులు చూసినవాళ్లమే (1827లో పత్తికొండలో కలరాతో పోయిన మద్రాసు గవర్నర్ మన్రోని మొదట పూడ్చింది మా ఊళ్లోనే). అయినా ఆ వరసల మధ్య అమ్మకి నోట మాట రాలేదు.

కొన్నిటి మీద పేరు లేదు. ‘నోన్ అన్‌టు గాడ్’ (Known unto God) అని మాత్రం ఉంది. ఏం రాసినారని అమ్మ అడిగింది. ‘దేవునికే తెలుసు అని’ అన్నాను.

‘అంటే ఎవురికీ తెల్దనే గదా?’ అంది.

అక్కడ ఇరుక్కుపోయినాను. మన వాడుకలో ‘దేవునికే తెలుసు’ అంటే చేతులెత్తేయడం. బస్సు ఎప్పుడొస్తుందో దేవునికే తెలుసు! ఆ ఇంగ్లీషు మాటలో ఉన్నది అది కాదు. మనుషులు గుర్తుపట్టలేకపోయినా వీడు ఫలానా అని ఆయనకి తెలుసు, అని ధైర్యం చెప్పడం. ఆ మాట ఎంచినది ఇంగ్లీషు రచయిత కిప్లింగ్. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో ఫ్రాన్స్‌లోని లూస్ దగ్గర జరిగిన పోరులో ఆయన కొడుకు కనిపించకుండా పోయినాడు, తండ్రి బతికుండగా శవం దొరకలేదు. అట్లాంటి తండ్రి మాటని నేను బస్సు టైము చేసి పెట్టినాను.

‘ఏ’ తీసేసి ‘దేవునికి తెలుసు’ అంటే? నాకు అదేదో సాక్ష్యం చెప్తున్నట్టు వినబడుతుంది. ఏమంటారు?

— తెలుసు వద్దు, ‘ఎరుగు’ పట్టుకోండి అన్నా. విషయం తెలుస్తుంది, మనిషిని ఎరుగుతాం. ‘దేవుడెరుగు’ చాలు.

— ‘జీతం సంగతి దేవుడెరుగు, ముందు టీ ఇప్పించు’ అంటాం కదా! మళ్లీ అదే గుంటలో పడినట్టే.

— కడప నుంచి. ‘దేవుడెరిగిన సిపాయి’ అనండి. క్రియని విశేషణం చేస్తే ఆ నిట్టూర్పు పోతుంది. ఇంకో మాట. పైన ‘చనిపోయినవాళ్లు’ అన్నారు, ‘అమరులు’ అనలేదు, సంతోషం. మన రేనాటి వీరగల్లు (పోరులో పోయినవాళ్లకి నిలిపిన రాయి) శాసనాల్లో ‘పడియె’ అనే ఉంటుంది. పోరాడి పడినాడు, అంతే. చావు ఎట్లా వచ్చిందో అందులోనే ఉంది. అక్షరాలు అరిగిపోయి పేరు తెలియని వీరగల్లులు మా వైపు పొలాల్లో ఎన్నో. జనం మాత్రం పసుపు కుంకుమ పెడుతూనే ఉంటారు.

— ‘అమరుడు’ మీద అంత కోపం ఎందుకు సార్? శిలువకీ శివలింగానికీ సరిపోయే మాట అదొక్కటే.

— (గుత్తి) కోపం లేదు సార్, అమరుడంటే చావనివాడు కదా, సమాధి ముందు నిలబడితే ఆ మాట నాకు రాలేదు. ‘దేవుడెరిగిన సిపాయి’ నచ్చింది. ఇప్పుడే అమ్మకి చదివి వినిపించినాను. ‘బాగుంది’ అంది. కాసేపుండి, ‘అయినా ఊరు పేరన్నా రాసింటే బాగుండు’ అంది.